రెమింగ్టన్ 700 రైఫిల్‌కి స్టాక్ (కర్ర) మార్చాలి: ఏది తీసుకోవాలి?

కేటీ_308:
అందరికీ నమస్తే. నాది రెమింగ్టన్ 700 ఎస్‌పీఎస్, షార్ట్ యాక్షన్ (బోల్ట్ ఆడే లోహపు భాగం పొట్టిది), .308 క్యాలిబర్, సన్న బ్యారెల్. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ స్టాకే వాడుతున్నాను. ఇసుక సంచుల మీద పెట్టి కాలిస్తే 100 గజాలకి గ్రూప్ (గుళ్లు తగిలిన చోట్ల మధ్య ఎడం) అంగుళంపావు వస్తోంది. అదే బైపాడ్ (ముందు రెండు కాళ్ల స్టాండు) వేసి భుజంతో ముందుకి ఒత్తితే రెండు అంగుళాలు దాటిపోతోంది, దెబ్బలు పైకి కూడా జరుగుతున్నాయి. స్కోప్ 50 మి.మీ. ది, ఎత్తుగా కూర్చుంది. చెంప ఆనాల్సిన చోట గడ్డం ఆనుతోంది.

సీజన్‌లో జింకల వేటకి, మిగతా రోజుల్లో రేంజ్‌లో 300 గజాల దాకా కాగితం మీద కాల్చడానికి వాడతాను. బడ్జెట్ 400 డాలర్లు. మ్యాగ్‌పుల్ హంటర్ 700, కేఆర్‌జీ బ్రావో, బెల్ అండ్ కార్ల్‌సన్ మెడలిస్ట్, బోయ్డ్స్ ల్యామినేట్ చూస్తున్నాను. వీటిలో ఏది మేలు? బెడ్డింగ్ (యాక్షన్ స్టాక్‌లో కదలకుండా ఎపాక్సీతో కూర్చోబెట్టడం) తప్పనిసరా? స్క్రూలు ఎంత బిగించాలి?

బెంచ్_మేస్త్రీ:
కేటీ గారూ, ఆర్డర్ పెట్టేముందు ఒక పరీక్ష చేసి చూడండి. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ తీసి పక్కన పెట్టండి. ఒక డాలర్ నోటుని బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి ముందు నుంచి వెనక్కి లాగండి. ఎస్‌పీఎస్ ప్లాస్టిక్ స్టాక్‌లో ముందు కొస దగ్గర బ్యారెల్‌ని కింది నుంచి ఎత్తిపట్టే రెండు బొడిపెలు ఉంటాయి, నోటు అక్కడే ఆగుతుంది. అది తయారీలో కావాలని పెట్టినదే. ఇప్పుడు బైపాడ్ మీద పెట్టి ముందుకి ఒత్తండి. స్టాక్ వంగి ఆ బొడిపెలు బ్యారెల్‌ని ఇంకా గట్టిగా పైకి నెడతాయి. మీ దెబ్బలు పైకి జరగడానికి కారణం అదే. చాలామంది ఆ బొడిపెలు గీకేసి ఊరుకుంటారు. అప్పుడు బైపాడ్ లేనంతసేపు బాగుంటుంది, బరువు పడగానే మెత్తటి ప్లాస్టిక్ మళ్లీ వంగి తగులుతుంది. కాబట్టి స్టాక్ మార్చాలన్న మీ ఆలోచన సరైనదే.

అయితే స్కోప్ బేస్ స్క్రూలు, రింగులు కూడా ఒకసారి చూడండి. వదులైన బేస్ కూడా సరిగ్గా ఇలాంటి లక్షణాలే చూపిస్తుంది, దాన్ని ఏ స్టాకూ బాగుచేయలేదు.

ఇక ఎంపిక. స్టాక్ చేయాల్సిన పని ఒక్కటే: ప్రతి గుండుకీ యాక్షన్‌ని అదే చోట, అదే ఒత్తిడితో పట్టుకోవడం. అందుకే మొదట చూడాల్సింది యాక్షన్ కూర్చునే గూడు, తర్వాత మీ ఒంటికి కొలత, రంగూ రూపం చివర్న.

మీరు చెప్పిన వాటిలో మ్యాగ్‌పుల్ హంటర్‌లో యాక్షన్ కూర్చోడానికి అల్యూమినియం బ్లాక్ ఉంది. మీ ఎస్‌పీఎస్‌కి ఉన్న కింద తెరుచుకునే ఫ్లోర్ ప్లేట్ (మ్యాగజైన్ అడుగు మూత) దానిలో నేరుగా కూర్చుంటుంది, ఏమీ చెక్కక్కర్లేదు. మడమ పొడవు (ట్రిగ్గర్ నుంచి స్టాక్ వెనక కొస దాకా) స్పేసర్లతో 13 నుంచి 15 అంగుళాల దాకా మార్చుకోవచ్చు. చెంప ఎత్తు పెంచే రైజర్ మాత్రం విడిగా కొనాలి, మీ స్కోప్‌కి అది తప్పదు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. బరువు మూడు పౌండ్ల దరిదాపు, ప్లాస్టిక్ దాని తర్వాత బరువుగానే అనిపిస్తుంది. బ్యారెల్ కాలువ వెడల్పు కాబట్టి సన్న బ్యారెల్ చుట్టూ ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది. చూపుకి బాగోదంతే, పనికి ఇబ్బందేమీ లేదు.

కేఆర్‌జీ బ్రావో వెన్నెముక అంతా అల్యూమినియం, పైన పాలిమర్ తొడుగు. చెంప ఎత్తు దానిలోనే సర్దుకోవచ్చు. బల్ల మీద, బోర్లా పడుకుని కాల్చడానికి మీ జాబితాలో అదే మేలు. కానీ మీ పాత ఫ్లోర్ ప్లేట్, మ్యాగజైన్ డబ్బా దానికి పనికిరావు. ఏఐసీఎస్ తరహా మ్యాగజైన్లు (బయటికి తీసి పెట్టగలిగే గుళ్ల డబ్బాలు) కొనాలి, అవి కలిపితే 400 దాటిపోవచ్చు. నిలువు పిడి కాబట్టి నడుస్తూ భుజాన్నుంచి దించి గబుక్కున కాల్చే వేటగాళ్లలో కొందరికి నచ్చదు.

మెడలిస్ట్ మధ్యే మార్గం: అల్యూమినియం బ్లాక్, పాతకాలపు వేట స్టాక్ ఆకారం, చేతికి చల్లగా తగలదు. చెంప ఎత్తు స్థిరంగా ఉండే మోడళ్లే ఎక్కువ.

మంచెలో కూర్చుని జింకకోసం, రేంజ్‌లో 300 గజాలకి అంటున్నారు కాబట్టి నా ఓటు మ్యాగ్‌పుల్, రైజర్‌తో కలిపి. వారం వారం రేంజ్‌కి వెళ్లేవారైతే బ్రావో.

కలప_పని:
ల్యామినేట్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. పలుచని చెక్క పొరలు జిగురుతో అంటించి చేసింది కాబట్టి ఒంటి వాల్‌నట్ కంటే హ్యూస్టన్ తేమకి చాలా తక్కువ ఉబ్బుతుంది. వంగదు, బైపాడ్ బరువు హాయిగా మోస్తుంది. అయితే బెడ్డింగ్ చేయకుండా వాడితే సగం లాభం పోతుంది. స్క్రూ బిగించేకొద్దీ చెక్క నలిగిపోతుంది, ఈరోజు 40 ఇంచ్-పౌండ్లు (బిగింపు కొలత) పెడితే కొన్నాళ్లకి తగ్గిపోతుంది. రెండు స్క్రూల చుట్టూ అల్యూమినియం పిల్లర్లు (గొట్టాలు), రీకాయిల్ లగ్ (యాక్షన్ కింద ఉండి, వెనక్కి తన్నే దెబ్బని స్టాక్‌కి అందించే లోహపు ముక్క) చుట్టూ ఎపాక్సీ జిగురు ఉండాలి.

చేసే తీరు ఇది. లగ్ గూడు చుట్టూ, యాక్షన్ ముందు రింగ్ కింద అంగుళంలో ఎనిమిదో వంతు చెక్క తీయండి. స్క్రూ రంధ్రాలు 5/16 అంగుళానికి వెడల్పు చేయండి. పావు అంగుళం స్క్రూ చెక్కకి తగిలితే అదే లగ్‌లా దెబ్బ తింటుంది, కొన్నాళ్లకి చెక్క చీలుతుంది. లగ్ ముందు ముఖానికి, రెండు పక్కలకి, కింది అంచుకి ఎలక్ట్రీషియన్ టేపు రెండు పొరలు వేయండి. వెనక ముఖానికి మాత్రం వేయకండి, అదొక్కటే ఎపాక్సీని ఆనుకోవాలి. ట్రిగ్గర్ గాడి, పిన్ రంధ్రాలు, ఇతర గుంటలన్నీ బంకమట్టితో నింపండి. ఆపైన రంగులేని బూట్ పాలిష్ మూడు పూతలు, స్క్రూ మరలకి కూడా. ఈ రెండూ వదిలేస్తే ఎపాక్సీ గుంటలోకి దిగి గట్టిపడుతుంది, యాక్షన్ స్టాక్‌లోంచి ఇక రాదు. స్టాక్ కోస్తే తప్ప విడదీయలేని పరిస్థితి.

ఎపాక్సీగా మెరైన్-టెక్స్ గానీ డెవ్‌కాన్ స్టీల్ పుట్టీ గానీ కలిపి కూర్చోబెట్టండి. బ్యారెల్ ముందు కొస దగ్గర టేపు చుట్టి కాలువ మధ్యలో నిలపండి. స్క్రూలు గట్టిగా బిగించకండి, యాక్షన్ వంగిన ఆకారంలోనే ఎపాక్సీ గడ్డకడుతుంది. దాని బరువుతో, చేత్తో తిప్పినంత స్క్రూతో చాలు. బయటికి వచ్చిన జిగురుని డబ్ల్యూడీ-40 లో ముంచిన దూదిపుల్లతో అప్పుడే తుడవండి. 24 గంటలు ముట్టుకోవద్దు.

అల్యూమినియం బ్లాక్ ఉన్న స్టాక్‌కి ఇదంతా అక్కర్లేదు. ముందు బిగించి, కాల్చి చూడండి. గ్రూప్ పెద్దదైతే అప్పుడు పల్చటి పొర వేయొచ్చు.

బెంచ్_మేస్త్రీ:
కలప గారు చెప్పింది అక్షరాలా నిజం. బిగింపు గురించి నేను చెబుతాను, ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి.

యాక్షన్‌ని స్టాక్‌లో పెట్టి రెండు స్క్రూలూ వేళ్లతో తిప్పండి. రైఫిల్‌ని మడమ మీద నిలువుగా, మూతి పైకి ఉండేలా నిలబెట్టి, మడమని చాప మీద మెల్లగా రెండుసార్లు తాటించండి. లగ్ వెనక్కి జరిగి గూడు గోడకి ఆనుతుంది. ఆ స్థితిలోనే ముందు స్క్రూ 15 ఇంచ్-పౌండ్లకి, వెనకది 15 కి, తర్వాత ముందుది పూర్తిగా, ఆపైన వెనకది. అల్యూమినియం బ్లాక్‌కి సాధారణంగా 65, పిల్లర్లు లేని చెక్కకి 35 నుంచి 40. స్టాక్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. అంచనాతో కాకుండా టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో చూపే పానా) తోనే బిగించండి.

ఇప్పుడు మూడు చూడాలి. బోల్ట్ వేసి మూయండి. పాత స్క్రూ కొత్త స్టాక్‌కి పొడవైతే ముందు స్క్రూ కొస పైకి పొడుచుకొచ్చి బోల్ట్ లగ్‌కి తగులుతుంది, బోల్ట్ చివర్లో బిగుస్తుంది. స్క్రూ ఒక చుట్టు వదులు చేయగానే సాఫీగా మూసుకుంటే దోషం అదే, కొస కాస్త అరగదీయండి. రెండోది, బోల్ట్ పిడి కిందికి దిగినప్పుడు స్టాక్ గాడికి ఆనకూడదు, కింద సన్నని వెలుగు కనపడాలి. మూడోది అందరూ మర్చిపోయేది: ఫ్లోర్ ప్లేట్ తెరిచి మ్యాగజైన్ డబ్బాని వేలితో కదపండి. కొంచెం ఆడాలి. బిర్రుగా ఉంటే యాక్షన్ ఆ డబ్బా మీద కూర్చుంది, బ్లాక్ మీద కాదు. ఎంత మంచి స్టాక్ అయినా గ్రూప్ రాదు. డబ్బా అంచు కొంచెం ఆకురాయితో తీస్తే చాలు.

చివరగా ఒత్తిడి పరీక్ష. చూపుడు వేలు సగం బ్యారెల్ మీద, సగం స్టాక్ కొస మీద ఉండేలా పెట్టి, ముందు స్క్రూని మెల్లగా వదులు చేయండి. బ్యారెల్ కదిలినట్టు వేలికి తెలిస్తే బెడ్డింగ్ సరిగా లేదు. డయల్ ఇండికేటర్ ఉంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలవొచ్చు. 2 లోపు ఉంటే నిశ్చింత.

స్టాక్ విప్పినప్పుడు మరో మాట. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లని రెమింగ్టన్ 2014 లో వెనక్కి పిలిచింది. మీ రైఫిల్ ఆ కాలంలోదైతే, సీరియల్ నంబరు చూసి ఆ ట్రిగ్గర్ సరిచేశారో మార్చారో తేల్చుకోకుండా కాల్చకండి.

ఫ్రిస్కో_హంటర్:
ఇదే ప్రశ్నకి తోక: నాది శావేజ్ యాక్సిస్. 700 కోసం చేసిన స్టాక్ చెక్కి సరిపెట్టుకోవచ్చా అన్నా?

కలప_పని:
వద్దు తమ్ముడూ. స్క్రూల మధ్య దూరమే వేరు, శావేజ్ 110 స్టాక్ కూడా యాక్సిస్‌కి నేరుగా సరిపోదు. ‘శావేజ్’ అని మాత్రమే రాసిన స్టాక్ కొనకండి, ‘యాక్సిస్’ అని రాసి ఉండాలి. బెడ్డింగ్ చేస్తే వెనక తోక భాగం కింద ఖాళీ వదలండి. శావేజ్‌లో అది స్టాక్‌ని తాకకూడదు, 700 కి చేసినట్టు దాన్ని కూడా ఎపాక్సీలో కూర్చోబెడితే గ్రూప్ చెడుతుంది. టికా టీ3ఎక్స్ వాళ్లకి మరో తిరకాసు: లగ్ స్టాక్‌లోనే ఉంటుంది, కొత్త స్టాక్‌తో రాకపోతే పాతదాన్నుంచి తీసి పెట్టుకోవాలి.

కేటీ_308:
చాలా థాంక్స్. మ్యాగ్‌పుల్, రైజర్ తీసుకుంటాను. ఇండియాలో, మా ఊళ్లో నాన్నగారికి లైసెన్స్ ఉన్న .315 రైఫిల్ ఉంది, కర్ర పగిలింది. ఇక్కడి నుంచి ఏదైనా స్టాక్ సూట్‌కేసులో పట్టుకెళ్లొచ్చా?

బెంచ్_మేస్త్రీ:
వద్దండి. ఇండియా ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి, కస్టమ్స్ దగ్గర పట్టుబడితే నాన్నగారి లైసెన్స్‌కే ఎసరు రావచ్చు. పైగా .315 లీ-ఎన్‌ఫీల్డ్ జాతిది, 700 స్టాక్ దానికి ఎక్కనే ఎక్కదు. లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరికి, లైసెన్స్ పుస్తకంతో పాటు తీసుకెళ్లి అక్కడే కర్ర వేయించండి.

మీ రైఫిల్‌కి స్టాక్ మారాక జీరో (స్కోప్ గురి, గుండు తగిలే చోటు ఒక్కటయ్యేలా సర్దడం) కొత్తగా పెట్టుకోవాలి, పాతది ఉంటుందనుకుని వేటకి వెళ్లకండి. చెంప ఎత్తు, మడమ పొడవు ముందు ఖాయం చేసి, అవసరమైతే స్కోప్‌ని ముందుకో వెనక్కో జరిపి, ఆ తర్వాతే 100 గజాలకి జీరో. 20 గుళ్లు కాల్చాక టార్క్ మళ్లీ ఒకసారి చూడండి.