సమస్య: “చచ్చిపోయిన తాతయ్య జాబు వ్రాసె”

పృచ్ఛకుడు: ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం, మిగతా మూడూ మీరు కట్టాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) చ–జా. దయ్యాలు, కలలు, వీలునామాలు వద్దు, అవి ఎప్పుడో అరిగిపోయాయి. కాలాన్ని దాటి మాట్లాడే కృత్రిమ మేధ మీద పూరించండి.

మొదటి పూరణ:

పాత యుత్తరా లన్నియుఁ బాఠ మవగ
యంత్ర మాతని నుడికార మంత నేర్చె
మనుమరా లడిగిన యంత మాత్రమునకె
చచ్చిపోయిన తాతయ్య జాబు వ్రాసె

పృచ్ఛకుడు: నడక హాయిగా ఉంది. ‘పాఠ మవగ’ బాగా పడింది, మరకు పాఠాలు మేపడమే కదా అసలు పని! కానీ రాసింది మర, సంతకం మాత్రం తాతయ్యది. సమస్య తీరలేదు, వాయిదా పడింది.

పూరించినవారు: మనుమరాలికి ఆ తేడా తెలిస్తే కదండీ.

రెండో పూరణ:

మంట మ్రింగిన చుట్టయే మరకుఁ జిక్క
విప్పకుండ సిరా జాడ కనుగొనె నయ
వేల యేండ్లకు మౌనంబు వీడి నేఁడు
చచ్చిపోయిన తాతయ్య జాబు వ్రాసె

వివరణ: క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు హెర్క్యులేనియం పట్టణంలో మాడి బొగ్గయిన పపైరస్ (ఒక రెల్లుతో చేసిన ఆనాటి కాగితం) చుట్టలు ఇవి. విప్పబోతే పొడైపోతాయి. అందుకని ఎక్స్‌రే స్కాన్ తీసి, సిరా ఉన్నచోట కనిపించే సన్నటి తేడాను పట్టడం మరకు నేర్పారు. 2023లో తెరవని చుట్టలోంచి ఒక మాట బయటపడింది: ఊదా రంగుకు గ్రీకు పదం.

పృచ్ఛకుడు: ‘చుట్ట’ అనగానే తాతయ్య పొగచుట్ట అనుకుని కంగారుపడ్డాను. రెండో పాదంలో వి–క యతి చెల్లదు, చివరి ‘అయ’ ఉత్త పూరకం. ఇలా మారిస్తే రెండూ పోతాయి:

విప్పకుండ సిరా జాడ వెదకి పట్టె

79 నుంచి 2023 దాకా 1944 ఏళ్ళే, ‘వేల’ అన్నారు. సరే, కవిగారికి ఆమాత్రం వడ్డీ ఇద్దాం. నాకు అంతకంటే పెద్ద పేచీ ఉంది. ఆయన ఎప్పుడో రాశాడు, మనం ఇప్పుడు చదివాం. ‘వ్రాసె’ ఎక్కడ కుదిరింది?

మూడో పూరణ:

నేర్పు టాఁగిన దినమందె నిలిచె జగతి
మరకు; నిన్నటి యూసులే మనకుఁ జెప్పు
దాని పలుకులఁ జూడఁగఁ దట్టె మదికి
చచ్చిపోయిన తాతయ్య జాబు వ్రాసె

పృచ్ఛకుడు: భలే! తాతయ్యను బయట వెతక్కుండా, పాఠాలు ఆగిన రోజు దగ్గరే లోకం ఆగిపోయిన మరనే తాతయ్యను చేశారు. రాయడమూ నిజమే, పాతబడటమూ నిజమే. నా ఓటు దీనికే. ఒక్క సందేహం: ఇప్పటి మరలు నెట్‌లో వెతికి తాజా కబుర్లు కూడా చెబుతున్నాయి. ‘నిలిచె జగతి’ మరీ ఎక్కువేమో?

పూరించినవారు: ఆ వెతుకులాట ఆపేసి అడగండి. మొన్న నేను ఏ సంవత్సరమని అడిగితే ఎప్పుడో గడిచిపోయిన ఏడాది చెప్పింది. కాదంటే, క్యాలెండర్ మరోసారి చూసుకోమని నాకే మర్యాదగా సలహా ఇచ్చింది.