అప్‌డేట్: నిద్ర పట్టట్లేదని అడిగా కదా

నైట్ షిఫ్టులతో నిద్ర చెడిపోయింది, పవర్ యోగా (వేగంగా, చెమటలు పట్టేలా చేసేది) చేస్తే ఇంకా నీరసంగా ఉంటోంది అంటే మీలో చాలామంది రెస్టోరేటివ్ యోగా (దిండ్లలాంటి వాటి ఆసరాతో, శ్రమ లేకుండా ఒకే ఆసనంలో కాసేపు ఉండిపోయేది) చెయ్యమన్నారు, అదే చేస్తున్నా. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారు వాడుకలోకి తెచ్చిన బోల్‌స్టర్లు (పొడవాటి గట్టి దిండ్లు), బెల్టులు ఏవీ కొనలేదు, ఇంట్లో ఉన్న బొంతే గట్టిగా చుట్టి నడుము కింద పెట్టుకుని కాళ్ళు గోడకి ఆనించి పదిహేను నిమిషాలు, కళ్ళ మీద తువ్వాలు, అంతే. దీన్నే విపరీతకరణి అంటారు. మొదట్లో కదలకుండా ఉండటమే నరకం బాబోయ్, బుర్రలో ఆఫీసు గోలే, ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదులుతుంటే కాస్త తగ్గింది. నిద్ర పూర్తిగా సెట్ అవ్వలేదు గానీ దవడలు బిగబట్టడం మాత్రం పోయింది. అమ్మకి గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), నడుము ఎత్తే ఆసనాలు వద్దన్నారు డాక్టర్, అందుకని తను మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని ఉత్త శవాసనమే, రెండు నిమిషాల్లో గురక కూడా.