మూడో గ్రేడు రాతి గట్టుకి తాడు: 30 మీటర్లా, 60 మీటర్లా?

పర్లాకిమిడి_కొండగాలి: ఆల్ప్స్‌లో శిఖరం దాకా పోయే మూడో గ్రేడు (చేతులు కూడా వాడి ఎక్కాల్సిన, కాస్త తేలిక స్థాయి) రాతి గట్టు. మేం ఇద్దరం. సాధనంతా మహేంద్రగిరి (1501 మీ.) మీదే. తాడెంత? బూట్లేవి? ఎన్నింటికి బయల్దేరాలి?

గుణుపురం_తాడు: 60 మీటర్లే పట్టుకెళ్లు బాబూ. ఎక్కడానికి 30 చాలు, దిగడానికే చాలదు. 30 మీటర్ల తాడు మడతేస్తే ర్యాపెల్ (తాడు మీద జారుతూ దిగడం) 15 మీటర్లే. కింది యాంకర్ (తాడు కట్టే చోటు) 20 మీటర్ల లోతులో ఉంటే ఏటి చేస్తావు? రెండు కొసలకీ ముడి మాత్రం మరవకు, లేకపోతే కొస దిగేటప్పుడు తాడుని బిగపట్టే డివైస్‌లోంచి జారిపోద్ది, మనిషీ పోతాడు.

సిరోంచ_గోదారి: ఏందన్నా, మూడో గ్రేడుకు 60 మీటర్లా? 9.5 మిల్లీమీటర్ల తాడు మీటరుకు 60 గ్రాముల దాకా ఉంటది, మొత్తం మూడున్నర కిలోలు. సగం ఎట్లయినా భుజం మీద చుట్టలోనే ఉంటది. పొడుగు తాడు మలుపు మలుపుకాడ రాళ్ల సందుల ఇరుకుతది, వదులు రాళ్లను లేపి కిందోని నెత్తిన పడేస్తది. నడిచి దిగే తొవ్వ ఉంటే 30 మస్తు.

గుణుపురం_తాడు: ఆ "ఉంటే" మీదే ప్రాణం పెడతావా? తొవ్వ తప్పితే?

కోరాపుట్_దేవమాలి: పదిహేనేళ్లుగా తాడు పని నేర్పుతున్నవాణ్ణి, చెప్పింది వినండి. పొడవు కాదు ముఖ్యం. ఇద్దరూ ఒకేసారి కదిలేటప్పుడు మధ్యలో ఎప్పుడూ కనీసం రెండు ఆధారాలుండాలి. 120 సెంటీమీటర్ల స్లింగ్ (పట్టీ ఉచ్చు) గట్టి రాతి కొమ్ముకి తొడిగి, కారాబినర్‌లో (తెరిచి మూసే లోహపు కొక్కెంలో) తాడు వెయ్యాలి. వెనకున్నవాడు మొదటి స్లింగ్ తీసేలోపే ముందున్నవాడు మూడోది వేసెయ్యాలి. ఏ ఆధారమూ లేకుండా ఒకే తాడుకి కట్టుకుంటే, ఒకడు జారితే ఇద్దరూ పోతారు. 1865 జులై 14న ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరం దిగేటప్పుడు ఏడుగురిలో ఒకరు జారారు, నలుగురు పోయారు. తాడు తెగబట్టే మిగతా ముగ్గురూ బతికారు.

సిరోంచ_గోదారి: నార తాళ్ల కాలం ముచ్చట ఇప్పుడెందుకు సార్?

కోరాపుట్_దేవమాలి: ఇప్పటి నైలాన్ తాడు అంత తేలిగ్గా తెగదు కాబట్టే చెప్తున్నా. అలాంటి తాడైతే ఏడుగుర్నీ లాక్కుపోయేదేమో. చదవకుండా ఎదురు మాట్లాడకండి.

రాయగడ_రాతిబడి: కొమ్ముకి స్లింగ్ అంటున్నారు సరే, ముందు ఆ కొమ్ముని అరచేత్తో కొట్టి చూడండి. గుల్లగా మోగినా, కదిలినా వదిలెయ్యాలి. మన తూర్పు కనుమల ఖొండలైట్ రాయి పైపైన చివికిపోయి ఉంటుంది, అక్కడ చెయ్యి నేర్చుకునే పాఠం ఇదే. పట్టుని కిందికి నొక్కాలి, బయటికి లాగకూడదు.

బరంపురం_మబ్బు: టైం గురించి ఎవరూ పట్టించుకోలేదు. మనకి కాలవైశాఖి దిగినట్టే ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు పట్టుకుంటాయి. చీకట్లోనే బయల్దేరి మధ్యాహ్నంలోపు దిగుడు మొదలెట్టాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే గట్టు కొస మీద ఉండొద్దు, పక్కకి దిగిపోవాలి.

గుణుపురం_తాడు: అదిగో, ఉరుముల్లో తొందరగా దిగాలంటే పొడుగు తాడే కదా!

సిరోంచ_గోదారి: తడిసిన 60 మీటర్లు లాగి చూడన్నా, తెలుస్తది.

పర్లాకిమిడి_కొండగాలి: బూట్లు?

రాయగడ_రాతిబడి: మంచు లేకపోతే మడమ కదలని గట్టి అప్రోచ్ షూ (కొండ నడకకీ, తేలిక రాతి ఎక్కుడుకీ పనికొచ్చే బూటు). చిన్న అంచు మీద బొటనవేలి వైపు అట్ట వంగకుండా నిలవాలి. కొనేముందు మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి చూసుకో.