అప్‌డేట్: కార్బన్ రిమ్ కొన్నాను, కానీ ఒక్కటే

మౌంటెన్ బైక్‌కి అందుబాటు ధరలో దొరికే కార్బన్ రిమ్‌లను నమ్మొచ్చా అని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా. తీసుకున్నాను, ముందు చక్రానికి మాత్రమే. రాళ్ల దెబ్బలు ఎక్కువగా తినేది వెనకదే కాబట్టి అక్కడ పాత అల్యూమినియం రిమ్‌నే ఉంచేశా.

కొత్త రిమ్ లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లు, 2.4 అంగుళాల టైరు చక్కగా కూర్చుంది. మీరు చెప్పినట్టే బరువు కంటే, విరిగితే మార్చి ఇచ్చే వారంటీనే చూశాను.

పాత స్పోకులే సరిపోతాయనుకోవడం మాత్రం నా తెలివితక్కువతనం. కొత్త రిమ్ ఈఆర్‌డీ (స్పోకుల చివర్లు చేరే చోట రిమ్ వ్యాసం) పాతదానికంటే 4 మిల్లీమీటర్లు తక్కువ, అంటే ప్రతి పాత స్పోకూ 2 మిల్లీమీటర్లు పొడవెక్కువ. మొత్తం సెట్టు కొత్తది కొనక తప్పలేదు. మీరైతే రిమ్ చేతికొచ్చాక ఈఆర్‌డీని స్వయంగా కొలిచి, అప్పుడే స్పోకులు ఆర్డర్ పెట్టండి.

వెనక రిమ్ సొట్టపడ్డాక మళ్లీ వస్తా.