అదురూ ఈదురూనా, అదురూ బెదురూనా?

కావలి పిల్ల: సంబంధాల మాట వచ్చినప్పుడల్లా మా అవ్వ "అదురూ ఈదురూ లేని చోట ఇయ్యండి పిల్లని" అనేది. దానికి ముందు ఇంకో ముక్క ఉండేది, నోట్లో ఆడతా ఉంది గానీ బయటికి రావడం లేదు. ఎవరికన్నా తెలుసా?

పెన్నఒడ్డు: బెదురే తల్లీ. "అదురు"లో మూడూ లఘువులే, "బెదురు"లోనూ అంతే. "ఈదురు" గురువుతో మొదలవుతుంది, ప్రాస కుంటుతుంది. అవ్వ నోట పళ్లు లేక అట్టా వినిపించిందేమో.

కావలి పిల్ల: మా అవ్వకి పళ్లన్నీ ఉండేవి.

అద్దంకి మాస్టారు: అవ్వలు గణాలు కట్టుకుని మాట్లాడరు పెన్నఒడ్డు గారూ. అదురు భూమిది, ఈదురు గాలిది. 1967 మార్చి 27న ఒంగోలు కదిలినప్పుడు మా ఇంట్లో అందరూ "భూమి అదిరింది" అన్నారే గానీ "కంపించింది" అన్నవాడు లేడు. తీవ్రత 5.4.

రాళ్ల లెక్క: మాస్టారూ, తీవ్రత కాదండీ, పరిమాణం. పేపర్లు రెంటినీ కలిపేసి మన నోళ్లు పాడు చేశాయి. రిక్టర్ 1935లో కట్టిన లెక్క ఒక భూకంపానికి ఒక్క అంకె ఇస్తుంది. ఒక్క మెట్టు పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు. తీవ్రత మెర్కల్లీది, పన్నెండు మెట్లు, ఊరూరికీ మారుతుంది. ఒంగోల్లో గోడ బీటలిచ్చి కందుకూరులో చెంబు మాత్రమే ఊగితే పరిమాణం ఒకటే, తీవ్రతలు రెండు.

పెన్నఒడ్డు: మరి "రిక్టర్ స్కేలుపై" అంటారే, దాని మీద ఎవరు కూర్చున్నారు?

రాళ్ల లెక్క: ఆ బాధ వేరే చర్చలో పెట్టండి.

చీరాల చేనేత: అసలు ఈదురు అంటే బలమా, చలా? మా వైపు వానతో కలిసి ఒళ్లు జిల్లుమనిపించేదే ఈదురుగాలి. వేగంతో పని లేదు. రేడియో వాళ్లు "గంటకు 50 నుంచి 60 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని చదివీ చదివీ దాన్ని వేగం చేసేశారు.

రాళ్ల లెక్క: ఆ 50-60 గాలి బలాన్ని మెట్లుగా కొలిచే బ్యూఫోర్ట్ లెక్కలో సరిగ్గా ఏడో మెట్టు, చెట్టు చెట్టంతా ఊగే గాలి. ఎనిమిది 62 దగ్గర మొదలు. మన వాతావరణ శాఖ వాయుగుండాన్ని తుపాను అని పిలిచేదీ అక్కణ్నుంచే. 118 దాటితే పన్నెండు, ఆపైన మెట్టు లేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఆ 118ని ఎంతో మించింది.

చీరాల చేనేత: అయితే తెమ్మెర రెండు, పైరగాలి మూడు, ఈదురు ఏడు. హోరుగాలికి ఎంతిస్తారు?

రాళ్ల లెక్క: పది. పైరగాలి నాలుగు కూడా కావచ్చు.

చీరాల చేనేత: నాలుగంటే దుమ్మూ కాయితాలూ లేస్తాయి. అది పైరగాలా?! పొలం గట్టున ఎప్పుడన్నా నిలబడ్డారా మీరు?

అద్దంకి మాస్టారు: 1805లో బ్యూఫోర్ట్ దొర కూడా కిలోమీటర్లు చెప్పలేదు. ఓడ మీద ఏ తెరచాప ఎంత ఉంచొచ్చో చూసి మెట్టు వేశాడు, వేగాలు తర్వాత వాళ్లు తగిలించారు. మెర్కల్లీదీ అదే దారి, జరిగింది చూసి చెప్పడం. మన అవ్వ వాళ్లకేం తీసిపోయింది? అన్నట్టు గాలీ మబ్బూ అంటే మా ఎర్రన. భారతం అరణ్యపర్వంలో నన్నయ ఆపింది శరద్రాత్రి దగ్గర, ఈయన అందుకుంది శరత్కాలపు ఉదయంతో. కార్తీకంలో మన తీరం గతి తెలిసినవాడు గనకే అంత తేటగా మొదలుపెట్టాడని నా అనుమానం.

పెన్నఒడ్డు: తుపాను తప్పిన తెల్లవారా? బాగుంది! మా తిక్కన అయితే తుపాన్నే ఒక్క క్రియతో తేల్చేసేవాడు.

అద్దంకి మాస్టారు: మీ తిక్కన అరణ్యపర్వం వదిలేసి విరాటపర్వంలో దూకాడుగా. వదిలింది పూర్తి చేసింది ఎవరు?

పెన్నఒడ్డు: వదిలాడు కాబట్టే మీవాడికి పని దొరికింది.

కావలి పిల్ల: ముందు ముక్క గుర్తొచ్చింది! "ఉప్పూ ఊటా ఉన్న చోట, అదురూ ఈదురూ లేని చోట".

పెన్నఒడ్డు: ఊటా, పూటా? "ఉప్పూ పూటా" అయ్యుంటుంది, ప్రాస చూడండి.