రేకు కోయడానికి ఏం కొనాలి? జిగ్‌సాతో అవట్లేదు

కృష్ణలంక కుర్రాడు:
పొద్దున్నుంచి ఒక్క రేకుతో కుస్తీ. జిగ్‌సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపం మిషను) పెడితే రేకు టపటపా కొట్టుకుంటోంది, మిషను ఎగిరెగిరి పడుతోంది, బ్లేడు పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. గోల భరించలేక కింది ఫ్లాటువాళ్లు కూడా పైకొచ్చారు. పల్చటి రేకేనండీ, మందమేం లేదు. దీనికి అసలు ఏ పనిముట్టు వాడాలి? చెప్తే సాయంత్రం వెళ్లి కొనుక్కొస్తా. పనివాణ్ని పిలిపించుకో అని మాత్రం అనకండి.

పాత వెర్నియర్:
ఏ రేకు? మందమెంత? ఏ ఆకారం?

ఆటోనగర్ ఫిట్టర్:
ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ. 4 అంగుళాల గ్రైండరు, 1 మి.మీ. కటింగ్ బిళ్ల. షాపువాడు 3 మి.మీ. బిళ్ల అంటగడితే తీసుకోకు, అది కోసేకంటే కాల్చేదే ఎక్కువ, అంచు నల్లబడుతుంది. గీత వెంట ముందు పైపైన గాడి పెట్టు, తర్వాత అదే గాడిలో లోతుగా పో. గాడిలో ఉండగా బిళ్లను పక్కకు వంచావో, ముక్కలై లేస్తుంది.

మూడో కన్ను:
గ్రైండరు అంటారు గానీ గార్డు (బిళ్లకు అడ్డుండే తొడుగు) మాట ఒక్కరూ ఎత్తరు. మన దగ్గర గ్రైండరు కొన్న రోజే గార్డు పీకి అటక మీద పడేస్తారు. బిళ్ల పగిలితే ముక్క నేరుగా మొహానికే వస్తుంది. బిళ్ల మీద రాసిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మిషను ఆర్‌పీఎం కంటే ఎక్కువుండాలి. 4 అంగుళాల గ్రైండర్లు చాలావరకు 11,000 దగ్గర తిరుగుతాయి. బిళ్ల మధ్యలోని లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటే చూడండి, తేమ తగిలిన పాత బిళ్ల బలం తగ్గిపోయి ఉంటుంది. చెక్క కోసే పళ్ల చక్రాన్ని గ్రైండరుకు ఎప్పుడూ బిగించకండి. నిప్పురవ్వలు కిటికీ అద్దాల మీదా, టైల్స్ మీదా పడితే అంటుకుపోతాయి, ఆ మచ్చలు గీకినా పోవు. గ్యాసు బండ ఉన్న గదిలో అసలే వద్దు. వేలాడే చొక్కా చేతులు, నూలు గ్లవ్స్ కూడా తిరిగే బిళ్ల దగ్గర ప్రమాదమే.

ఆటోనగర్ ఫిట్టర్:
గార్డు తీయమని నేనన్నానా?

మూడో కన్ను:
ఉంచమని కూడా అనలేదుగా.

పటమటలంక:
మీ ఇద్దరి పంచాయితీ తర్వాత. ఫ్లాట్‌లో ఉన్న మనిషికి నిప్పురవ్వల మిషను ఎందుకండీ? పల్చటి జీఐ (జింకు పూసిన ఇనుప) రేకయితే కత్తెర చాలు, చప్పుడూ ఉండదు. ఏవియేషన్ కత్తెర తీసుకోండి, మామూలు రేకు కత్తెరకంటే తక్కువ బలంతో తెగుతుంది. పసుపు పిడిది తిన్నటి గీతకు, ఎరుపుది ఎడమకు తిరిగే వంపుకు, ఆకుపచ్చది కుడికి. రంగు వేసిన కప్పు రేకుకూ ఇదే మంచిది. గ్రైండరు పెడితే ఆ వేడికి అంచున రంగూ జింకూ మాడి, అక్కణ్నుంచే తుప్పు మొదలవుతుంది. ఒక చిట్కా: కత్తెరను కొసదాకా మూయకండి. ముప్పాతిక మూసి ముందుకు జరపండి. పూర్తిగా మూస్తే ప్రతిసారీ కొస దగ్గర చిన్న చీలిక పడుతుంది, అంచు రంపంలా అవుతుంది.

కృష్ణలంక కుర్రాడు:
మందం 20 గేజీ అన్నాడు షాపతను. కత్తెర తెచ్చి పెట్టా, నొక్కితే దిగట్లేదు.

బ్రాడీపేట:
గేజీ అంటే ఏ గేజీ? ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ పట్టిక) ప్రకారం 20 అంటే 0.914 మి.మీ. అమెరికా పట్టికలో అదే 20కి జీఐ అయితే 1 మి.మీ., స్టెయిన్‌లెస్ స్టీలయితే 0.95. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుందని కూడా కొందరికి తెలియదు, 24 కావాల్సినచోట 18 తెచ్చుకుంటారు.

పాత వెర్నియర్:
వెర్నియర్ పెట్టి కొలిస్తే పట్టికలతో పనిలేదు.

బ్రాడీపేట:
షాపులో బేరం గేజీల్లోనే కదండీ జరిగేది. పట్టిక తెలియకపోతే ఎలా?

పటమటలంక:
0.9 జీఐకి ఆ కత్తెర దిగాలే. చాలా కత్తెరల మీద మామూలు ఇనుముకు 18 గేజీ, స్టెయిన్‌లెస్‌కు 22 గేజీ వరకే అని ఉంటుంది. కొంపదీసి మీది స్టీలా?

కృష్ణలంక కుర్రాడు:
అవునండీ స్టీలే, చెప్పలేదా? వంటింటి కిటికీలో అద్దం తీసి రేకు పెట్టి, మధ్యలో ఎగ్జాస్టు ఫ్యాను కోసం గుండ్రంగా బెజ్జం చేయాలి. తుప్పు పట్టదని 304 రకం స్టెయిన్‌లెస్ తీసుకున్నా. అయస్కాంతం అంటుకోలేదు, అంటే అసలుదేగా?

పాత వెర్నియర్:
మొదటి ప్రశ్నకే ఈ జవాబు వచ్చుంటే పొద్దున్నే తేలిపోయేది.

బ్రాడీపేట:
అయస్కాంతంతో 304 తేలదు. 202 రకం కూడా అంటుకోదు, అదేమో తొందరగా మచ్చలు పడుతుంది. తేడా తెలియాలంటే మాలిబ్డినం చుక్కలమందు కాదు, ఆ పరీక్ష 316 రకానికి. 202లో ఎక్కువుండే మాంగనీసును పట్టిచ్చే చుక్కలమందు వేరే ఉంటుంది, అది వాడాలి.

పటమటలంక:
ఇప్పుడు ఆ సంగతి వద్దులెండి. బెజ్జం మధ్యలో ఉంది కాబట్టి కత్తెర దూరదు, స్టీలు కాబట్టి దిగదు కూడా. మీ జిగ్‌సాయే సరిపోతుంది, తప్పు బ్లేడుది. మిషనుతోపాటు వచ్చేది చెక్క బ్లేడు, దాని పన్నుకూ పన్నుకూ మధ్య సందులో రేకు మందం మొత్తం పడిపోతుంది. ఒక్కో పన్ను రేకును కోయకుండా కొక్కెంలా పట్టి లాగుతుంది, ఆ కొట్టుకోవడం అందుకే. లోహానికి పనికొచ్చే బై-మెటల్ బ్లేడు అడగండి, అంగుళానికి 21–24 పళ్లు. 36 దొరికితే ఇంకా మంచిది. మీ మిషనుకు పట్టేది టీ పిడి బ్లేడో యూ పిడి బ్లేడో చూసుకుని వెళ్లండి.

రేకు కింద 6 మి.మీ. ప్లై, పైన 3 లేక 4 మి.మీ. ప్లై పెట్టి, నాలుగు మూలలా సి-క్లాంపులు బిగించండి. గుండ్రం పై ప్లై మీద గీయండి. మూడూ కలిపి కోస్తే రేకు ఎగరదు, గీతలూ పడవు. మొదలుపెట్టడానికి గీతకు లోపలివైపు 10 మి.మీ. బెజ్జం: ముందు 3 మి.మీ., తర్వాత 10, కోబాల్టు బిట్టుతో. డ్రిల్లు నెమ్మదిగా తిప్పి గట్టిగా అదమండి. వేగంగా తిప్పుతూ ఒరిపిడి పెడితే స్టీలు ఆ చోట గట్టిపడి, ఇక ఏ బిట్టూ దిగదు. జిగ్‌సాకూ అంతే: తక్కువ వేగం, ముందుకూ వెనక్కూ ఊపే పెండ్యులం మీట సున్నా మీద, గీత వెంట కటింగ్ ఆయిలు. చివర అంచున లేచిన ముళ్లు ఆకురాయితో తీసేయండి, వేలికి తగిలితే బ్లేడు లెక్కే.

ఆటోనగర్ ఫిట్టర్:
డ్రిల్లుకు తగిలించే నిబ్లర్ (రేకును చిన్న ముక్కలుగా కొరికేది) కూడా ఉంది కదా.

పటమటలంక:
ఉంది. కానీ అట్టపెట్టె మీద పెద్దగా రాసేది ఇనుము మందం, స్టీలుకు అంతకంటే తక్కువ. నిబ్లర్ రాల్చే నెలవంక ముక్కలు చెప్పుల అడుగున గుచ్చుకుంటాయి, కోసిన వెంటనే ఊడ్చాలి.

ఆటోనగర్ ఫిట్టర్:
ఇంత తంటా ఎందుకు, లేజర్ షాపులో కొలత ఇస్తే కోసిస్తారు. నైట్రోజన్‌తో కోయమని అడుగు, ఆక్సిజన్ అయితే అంచు నల్లగా వస్తుంది.

మూడో కన్ను:
జిగ్‌సా కూడా కళ్లద్దాలు లేకుండా వాడొద్దు.

కృష్ణలంక కుర్రాడు:
బ్లేడు దొరికింది, అయిపోయింది. పైన ప్లై పెట్టలేదు, కింద ఒక్కటే. థ్యాంక్సండీ. ఫ్యానుకు మామూలు జింకు స్క్రూలు వేసేయనా?

పాత వెర్నియర్:
వద్దు. స్టీలుకు ఆనుకున్న జింకు పూత తొందరగా తినుకుపోతుంది. స్టీలు స్క్రూలే వెయ్యి.

బ్రాడీపేట:
ఏ గ్రేడు స్టీలు స్క్రూలు?