మారతహళ్ళిలో నడుస్తున్న కర్రీ పాయింట్ 18 లక్షలు: ఇప్పుడే కొనాలా, ఆగాలా?

ప్రశ్న
బెంగళూరులో ఉద్యోగం. చేతిలో 22 లక్షలున్నాయి, అప్పుల్లేవు. మారతహళ్ళిలో పీజీల మధ్య కర్రీ పాయింట్ అమ్మకానికొచ్చింది. 18 లక్షలు అడుగుతున్నారు, నెలకు 1.2 లక్షలు మిగులుతుందంటున్నారు. వంట, కౌంటరు అమ్ముతున్న భార్యాభర్తలే చూస్తారు, పనివాళ్ళు నలుగురు. అద్దె 45 వేలు, అగ్రిమెంటు ఇంకా 5 నెలలుంది. నాకిదే మొదటి వ్యాపారం. తీసుకోమంటారా, ఏడాది ఆగమంటారా?

జవాబు 1
ముందు ఆ 1.2 లక్షల్లోంచి వాళ్ళిద్దరి కష్టం తీసేయండి. మీరు ఉద్యోగం మానకపోతే వంటమాస్టరుకు 30 వేలు, కౌంటరుకు 20 వేలు పెట్టాల్సిందే. ఫ్రిజ్, గ్రైండర్ రిపేర్లకు 5 వేలు వేసుకోండి. మిగిలేది 65 వేలు, ఏడాదికి 7.8 లక్షలు. పెట్టిన 18 లక్షలు రావడానికి దాదాపు 28 నెలలు పడుతుంది. అగ్రిమెంటు చూస్తే 5 నెలలే.

చేయి మారితే రుచి మారుతుంది, గిరాకీ పడిపోతుంది. అందుకే కొన్న రోజున నాలుగు నెలల అద్దె, జీతాలు పక్కన ఉండాలి. అద్దె 45 వేలు, ఆరుగురి జీతాలు 1.3 లక్షలనుకున్నా 7 లక్షలు. మీ దగ్గర మిగిలేది 4. ఈ ధరకు ఇప్పుడు వద్దండి. 12 ఇప్పుడు, 6 ఆరు నెలలయ్యాక అంటే ఆలోచించవచ్చు.

జవాబు 2
అమ్మకాలు నోటిమాట మీద నమ్మకండి. ఏడాది యూపీఐ స్టేట్‌మెంట్లు అడగండి, అమ్మేవాళ్ళలో భార్య పేరున ఉన్న క్యూఆర్‌తో సహా. 19 కిలోల సిలిండర్ల బిల్లులు, పార్శిల్ డబ్బాల బిల్లులు పక్కన పెట్టి చూడండి: నెలకు 3 వేల డబ్బాలు కొన్నవాళ్ళు 5 వేల కూరలు అమ్మలేరు. సంక్రాంతికి కుర్రాళ్ళంతా ఊరెళ్తారు కాబట్టి జనవరి లెక్క విడిగా చూడండి.

అసలు భయం జీఎస్టీ. లాభమే ఏడాదికి 14.4 లక్షలంటే అమ్మకం 20 లక్షలు దాటినట్టే. అది దాటితే ఆహార సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసే చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 85వ సెక్షన్ ప్రకారం అమ్మేనాటికున్న పన్ను బకాయికి కొన్నవాళ్ళూ బాధ్యులే. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు మీ పేరున కొత్తగా తీసుకోవాలి.

అడిగినవారు
18లో 3 లక్షల అడ్వాన్సు కలిసే ఉందట. బిల్డింగ్ ఓనరు మాత్రం మళ్ళీ 11 నెలలకే రాస్తానంటున్నారు.

జవాబు 1
అయితే వ్యాపారం ధర 15 లక్షలు, తిరిగి రావడానికి 23 నెలలు. 11 నెలల కాగితం మీద అది నిలవదు. కనీసం మూడేళ్ళ అగ్రిమెంటు, రిజిస్టర్ చేయించి ఇస్తేనే ముందుకెళ్ళండి. ఆ అడ్వాన్సు మీ పేరుకు మారినట్టు ఓనరే రాసివ్వాలి.

జవాబు 2
ఓనరు ఒప్పుకుంటే ఇంకో రెండు షరతులు. ఆవిడ 45 రోజులు వంటగదిలో ఉండి మసాలా కొలతలు మీ మాస్టరుకు నేర్పాలి. పత్రంలో గుడ్‌విల్ (షాపుకున్న పేరు, గిరాకీ) అమ్ముతున్నట్టు రాయించి, 3 కిలోమీటర్లలో మూడేళ్ళు మళ్ళీ పెట్టకూడదని చేర్చండి. ఇలా వ్యాపారం చేయకూడదనే షరతులు మామూలుగా చెల్లవు; కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ మినహాయింపు గుడ్‌విల్ అమ్మకానికే వర్తిస్తుంది. ఓనరు సంతకం పడేదాకా టోకెన్ ఇవ్వకండి.